చుక్క ఆగని పంపు: చిన్న స్ప్రింగు ఎంపికపై విస్తరణ శాస్త్రం చూపు పడాలి

పిచికారీ విషయంలో మనం రైతుకు చెప్పే మాటలన్నీ ద్రవానికి సంబంధించినవే. లీటరు నీటికి ఎన్ని మిల్లీలీటర్లు, ఎకరాకు ఎన్ని లీటర్లు, ఏ నాజిల్, ఏ వేళ అన్నవి మన కరపత్రాల్లోనూ రైతు శిక్షణ తరగతుల్లోనూ చోటు చేసుకున్నాయి. ఆ ద్రవాన్ని సరైన పీడనంతో విడుదల చేసి, సరైన క్షణంలో ఆపే భాగం గురించి మాత్రం మనం మాట్లాడము. ఆ భాగం చిటికెన వేలి గోరంత స్ప్రింగు. సస్య విజ్ఞాన శాస్త్రంలో మూడు దశాబ్దాలు గడిపిన నేను కూడా దాన్ని పట్టించుకోలేదు. సత్తుపల్లి ప్రాంతపు ఒక పత్తి చేను నాకు ఆ పాఠం నేర్పింది.

కొన్నేళ్ల కిందట ఆ చేనును క్షేత్ర సందర్శనలో చూశాను. రైతు వరుసల మధ్య, నాజిల్‌కు హుడ్ బిగించి, ఎంపిక రహిత కలుపు మందు కొట్టాడు. చాళ్ల మధ్యలో కలుపు చక్కగానే మాడింది. అయితే ప్రతి చాలు చివర, మనిషి మలుపు తిరిగే చోట, పత్తి మొక్కల ఆకులపై గుండ్రని మాడు మచ్చలు కనిపించాయి. కొన్ని మొక్కలు పూర్తిగా ఎండిపోయాయి. రైతు మందు కల్తీదని అనుమానించాడు. నేను మోతాదు మించిందని నివేదికలో రాశాను. ఇద్దరమూ పొరబడ్డాము. మరునాడు అదే పంపును సత్తుపల్లిలోని మరమ్మతు దుకాణానికి తీసుకుపోయినప్పుడు, నాజిల్‌కు ముందుండే చుక్క నివారక వాల్వును మెకానిక్ విప్పి చూపించాడు. "మందు మంచిదే సార్. లోపల చూడండి, ఎవరో పెన్ను స్ప్రింగు కోసి పెట్టారు" అన్నాడు. ట్రిగ్గర్ సీటు కూడా కొంత అరిగి ఉంది. మలుపు వద్ద ట్రిగ్గర్ వదిలినా, చుక్కలు పడుతూనే ఉన్నాయన్న మాట. మోతాదు మించలేదు, మందు ఆగలేదు. నా నివేదికను దిద్దుకోవలసి వచ్చింది.

ఆ స్ప్రింగును అమర్చిన ఎత్తుకు నొక్కి వంటింటి డిజిటల్ త్రాసుపై తూచితే దాదాపు 50 గ్రాములు చూపింది. అంటే సుమారు అర న్యూటన్ బలం. వాల్వు సీటు వ్యాసం 8 మి.మీ. కనుక వైశాల్యం దాదాపు 50 చదరపు మి.మీ. ఆ లెక్కన ఆ స్ప్రింగు నిలువరించగలిగినది 0.1 బార్ మాత్రమే. ఇది ఒక మీటరు ఎత్తు నీటి స్తంభం కలిగించే పీడనంతో సమానం. వీపు మీది ట్యాంకుకూ మోకాలి ఎత్తులోని నాజిల్‌కూ మధ్య ఉండే తేడా కూడా దాదాపు అంతే. పంపు కొట్టకపోయినా, ట్యాంకులోని ద్రవం బరువే వాల్వును తెరవడానికి చాలుతుంది. ఈ లెక్క పదో తరగతి విద్యార్థి వేయగలడు. మనం వేయలేదు.

స్ప్రింగు మన పని కాదా?

ఇది ఇంజినీర్ల వ్యవహారమని, సస్య శాస్త్రవేత్తకు దీనితో ఏం పని అని కొందరు మిత్రులు అడిగారు. నా సమాధానం ఒక్కటే. స్ప్రింగు తప్పితే మోతాదు తప్పుతుంది, మోతాదు మన పని. నాజిల్ నుండి వచ్చే ప్రవాహం పీడనపు వర్గమూలానికి అనులోమంగా మారుతుంది. వాల్వు స్ప్రింగు అవసరానికి మించి బిగువుగా ఉంటే నాజిల్‌కు చేరే పీడనం తగ్గుతుంది, ప్రవాహం తగ్గుతుంది, అదే నడకతో నడిచే మనిషి ఎకరాకు తక్కువ మందు కొడతాడు. పురుగు చావకపోతే మరో మందు కొంటాడు. స్ప్రింగు బలహీనమైతే మలుపుల వద్ద, గట్ల మీద, కాలువ ఒడ్డున, చివరికి కొట్టే మనిషి కాళ్ల మీద మందు పడుతుంది. 2017లో మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో పత్తికి పిచికారీ చేసిన రైతులు, కూలీలు పలువురు విషప్రభావంతో మరణించారు. ఆ విషాదానికి కారణాలు అనేకం, దానిని నేను స్ప్రింగుకు ముడిపెట్టడం లేదు. కానీ మందు చర్మానికి తాకే ప్రతి దారినీ మూయడం మన బాధ్యత అని అది మనకు గుర్తు చేయాలి. కారే పంపు అలాంటి దారుల్లో ఒకటి.

సత్తుపల్లి, అశ్వారావుపేట ప్రాంతంలో పత్తి, మిరప, వరి, మామిడి, ఆయిల్ పామ్ ఉన్నాయి, అడవి అంచున పోడు భూములూ ఉన్నాయి. చేతి పంపు, బ్యాటరీ పంపు, తైవాన్ పంపు మూడూ ఇక్కడ వాడుకలో ఉన్నాయి. అడవి అంచు పల్లెల్లో వాగు నీటినే పంపులో పోస్తారు. సన్నని ఇసుక వాల్వు సీటులో చేరుతుంది, కారుతుంది, విప్పుతారు, స్ప్రింగు మట్టిలో పడి పోతుంది. దాని స్థానంలో దొరికినది పెడతారు. అదే సత్తుపల్లిలో సింగరేణి వారి జె.వి.ఆర్. ఉపరితల గని ఉంది. అక్కడి భారీ యంత్రాలకు ప్రతి విడిభాగానికీ ఒక సంఖ్య, ఒక పట్టిక ఉంటాయి. గనిలో డంపరుకు ఉన్న మర్యాద రైతు వీపు మీది పంపుకు లేకపోవడం న్యాయం కాదు.

చిన్న మార్పు, పెద్ద తేడా

స్ప్రింగును కంటితో చూసి ఎంచడం ఎందుకు ప్రమాదమో తెలియాలంటే దాని లెక్క తెలియాలి. స్ప్రింగు ఎంత నొక్కితే అంత ఎదురు బలం ఇస్తుందన్న నియమాన్ని రాబర్ట్ హుక్ 1678లో ప్రకటించాడు. ఒక మిల్లీమీటరు నొక్కడానికి కావలసిన బలమే దాని బిగువు. ఈ బిగువు తీగ మందపు నాలుగో ఘాతానికి అనులోమంగాను, చుట్టు సగటు వ్యాసపు ఘనానికి, పనిచేసే చుట్ల సంఖ్యకు విలోమంగాను ఉంటుంది. దీనితో పాటు తీగ లోహపు దృఢతా గుణకానికి అనులోమంగా ఉంటుంది.

ఈ సూత్రంలోని నాలుగో ఘాతమే రైతును, మెకానిక్‌ను, మనల్ని మోసం చేసేది. చుట్టు వ్యాసం మార్చకుండా 0.8 మి.మీ. తీగకు బదులు 0.9 మి.మీ. తీగ వాడితే బిగువు దాదాపు 60 శాతం పెరుగుతుంది. పదో వంతు మిల్లీమీటరు తేడా వేలికి తెలియదు, వాల్వుకు తెలుస్తుంది. తీగ మందం సగమైతే బిగువు పదహారో వంతుకు పడిపోతుంది. చుట్టు వ్యాసం పది శాతం పెరిగితే బిగువు నాలుగో వంతు తగ్గుతుంది.

దుకాణంలో చేసే రెండు సర్దుబాట్లను కూడా ఈ సూత్రంతోనే పరీక్షించాలి. స్ప్రింగు పొడవుగా ఉందని కోస్తే చుట్లు తగ్గి బిగువు పెరుగుతుంది. ఆరు పనిచేసే చుట్లను నాలుగు చేస్తే బిగువు ఒకటిన్నర రెట్లవుతుంది. అదే సమయంలో పొడవు తగ్గడం వలన వాల్వు మూసి ఉన్నప్పుడు ఉండవలసిన తొలి ఒత్తిడి పోతుంది. అంటే మూయవలసినప్పుడు బలహీనంగా, తెరవవలసినప్పుడు మొండిగా తయారవుతుంది. పైగా కోసిన కొన చదునుగా ఉండదు కనుక స్ప్రింగు ఒరిగి నిలుస్తుంది, బంతిని ఒక పక్కకే నొక్కుతుంది. రెండోది, వదులైన స్ప్రింగును చేత్తో సాగదీయడం. తీగను దాని స్థితిస్థాపక హద్దు దాటించినప్పుడే స్ప్రింగు పొడవు శాశ్వతంగా మారుతుంది. అలా సాగిన స్ప్రింగులో చుట్ల మధ్య ఎడం సమంగా ఉండదు, కొన్నాళ్లకే మళ్లీ కుంగుతుంది.

ఒక వాల్వుకు స్ప్రింగును ఎంచే తీరు

విద్యార్థుల కోసం పైన చెప్పిన 8 మి.మీ. సీటునే ఉదాహరణగా తీసుకుంటాను. ఎంపిక స్ప్రింగుతో కాక చోటుతో మొదలవాలి. ఎంత వ్యాసపు గదిలో కూర్చోవాలి, వాల్వు మూసినప్పుడు ఎంత ఎత్తు దొరుకుతుంది, పూర్తిగా తెరిచినప్పుడు ఎంత మిగులుతుంది అన్న మూడు కొలతలు ముందు రాసుకోవాలి. నొక్కినప్పుడు స్ప్రింగు బయటి వ్యాసం స్వల్పంగా పెరుగుతుంది కనుక గది గోడకు రాసుకోకుండా కొంత ఎడం ఉంచాలి.

తరువాత బలం. ఒక్క బలం చెబితే చాలదు, రెండు స్థానాల్లో రెండు బలాలు కావాలి. వాల్వు 0.6 బార్ వరకు మూసి ఉండాలనుకుంటే తొలి ఒత్తిడి 3 న్యూటన్లు, అంటే త్రాసుపై దాదాపు 306 గ్రాములు. వాల్వు 2 మి.మీ. లేచినప్పుడు బలం 5 న్యూటన్లకు మించరాదని అనుకుందాం. అంటే బిగువు మిల్లీమీటరుకు 1 న్యూటన్. స్టెయిన్‌లెస్ తీగ 0.7 మి.మీ., బయటి వ్యాసం 8 మి.మీ. తీసుకుంటే సగటు వ్యాసం 7.3 మి.మీ. అవుతుంది. లెక్క వేస్తే పనిచేసే చుట్లు దాదాపు 5.3 రావాలి. రెండు కొనల చదును చుట్లు కలిపితే మొత్తం 7.3. చుట్లన్నీ ఒకదానికొకటి తాకితే ఎత్తు 5.1 మి.మీ. తొలి ఒత్తిడికి 3 మి.మీ., లేవడానికి 2 మి.మీ., చుట్లు తాకకుండా ఆ 5 మి.మీ. కదలికలో సుమారు 15 శాతం మిగులు. అన్నీ కలిపితే స్వేచ్ఛా పొడవు దాదాపు 11 మి.మీ. అమర్చినప్పుడు 8 మి.మీ., తెరిచినప్పుడు 6 మి.మీ. ఎత్తు ఉంటుంది.

ఇప్పుడు మూడు సరిచూపులు. సగటు వ్యాసాన్ని తీగ మందంతో భాగిస్తే 10.4 వస్తుంది. ఈ నిష్పత్తి 4 నుండి 12 మధ్య ఉంటే తీగను చుట్టడం సులువు, పని నమ్మకం. స్వేచ్ఛా పొడవు సగటు వ్యాసానికి నాలుగు రెట్లు దాటితే స్ప్రింగు నడుము వంగే ప్రమాదం ఉంది. ఇక్కడ ఒకటిన్నర రెట్లే కనుక భయం లేదు. తీగ చుట్టు వంపు ప్రభావాన్ని కూడా కలిపి 5 న్యూటన్ల వద్ద విరూపణ ప్రతిబలం చూస్తే దాదాపు 310 మెగాపాస్కల్. ఇది ఇంత సన్నని స్టెయిన్‌లెస్ స్ప్రింగు తీగ తన్యతా బలంలో ఐదో వంతుకు మించదు. రోజంతా వేల సార్లు తెరుచుకుని మూసుకున్నా అలసి విరగదు.

దీనికి బదులు 0.8 మి.మీ. కార్బన్ స్టీలు తీగతో, అదే బయటి వ్యాసంతో, ఐదు పనిచేసే చుట్ల స్ప్రింగు దొరికిందని పెట్టామనుకుందాం. బిగువు మిల్లీమీటరుకు దాదాపు 2.2 న్యూటన్లు. తొలి ఒత్తిడిని 3 న్యూటన్లకే సరిచేసినా, 2 మి.మీ. లేచేసరికి 7.3 న్యూటన్లు అవుతుంది. స్థూలంగా చూస్తే మొదటి స్ప్రింగు వాల్వులో 1 బార్ పీడనాన్ని ఖర్చు చేస్తుంది, రెండోది దాదాపు 1.45 బార్‌ను. పంపు 3 బార్ ఇస్తే నాజిల్‌కు ఒకదానిలో 2 బార్, మరొకదానిలో 1.55 బార్ మిగులుతుంది. ప్రవాహంలో తేడా 12 శాతం. చూపుకు రెండు స్ప్రింగులూ ఒకటే. ఎకరాకు పడే మందు ఒకటి కాదు.

లోహం, మందు, నీరు

తుప్పు పట్టిన స్ప్రింగుకు బదులు స్టెయిన్‌లెస్ స్ప్రింగు పెట్టమని మనం సులువుగా చెబుతాము. మాట సరైనదే, కానీ అసంపూర్ణం. స్టెయిన్‌లెస్ స్ప్రింగు తీగ దృఢతా గుణకం దాదాపు 69 గిగాపాస్కల్, కార్బన్ స్టీలుది 79 గిగాపాస్కల్ ప్రాంతం. అవే కొలతలతో లోహం మాత్రమే మార్చితే బిగువు ఎనిమిదో వంతు మేర తగ్గుతుంది. ఆ తగ్గుదలను చుట్ల సంఖ్యతోనో, తీగ మందంతోనో పూడ్చాలి.

జింకు పూత స్ప్రింగు చౌక. కానీ గ్లైఫోసేట్ ద్రావణాన్ని జింకు పూత ఇనుప పాత్రల్లో కలపవద్దని, నిల్వ చేయవద్దని ఆ మందు సూచనల్లోనే ఉంటుంది. అది జింకుతో చర్య జరిపి హైడ్రోజన్ వాయువును విడుదల చేస్తుంది. డబ్బాకు వర్తించే హెచ్చరిక వాల్వులోని స్ప్రింగుకు వర్తించదా? అలాగే బోర్డో మిశ్రమం తయారీలో మైలుతుత్తం ఎక్కువైందో లేదో చూడడానికి కొడవలి కొనను ముంచి ఎర్రటి పూత కోసం చూడమని రైతులకు దశాబ్దాలుగా చెబుతున్నాము. ఇనుము మీద రాగి పేరుకుంటుందని ఆ పరీక్ష చెబుతుంది. సున్నం చాలని మిశ్రమం పంపులో పోస్తే ఆ కొడవలికి జరిగినదే వాల్వులోని మామూలు ఉక్కు స్ప్రింగుకూ జరుగుతుంది. స్టెయిన్‌లెస్ కూడా అమరం కాదు. క్లోరైడ్లున్న ద్రావణం రోజుల తరబడి నిలిచి ఉంటే దానిలోనూ గుంటలు పడతాయి. పిచికారీ ముగిసిన సాయంత్రం మంచినీటితో పంపును కడగమన్న పాత సలహాకు ఇది మరో కారణం.

ఇదే తర్కం ఇతర పరికరాలకూ వర్తిస్తుంది. బ్యాటరీ పంపు మోటారును ట్రిగ్గర్ వదలగానే ఆపే పీడన స్విచ్‌లో ఒక చిన్న స్ప్రింగు ఉంటుంది. అది బలహీనపడితే మోటారు మాటిమాటికీ ఆగి మొదలవుతుంది, స్క్రూ మరీ బిగిస్తే అసలు ఆగక గొట్టం ఊడుతుంది. పళ్లెం తరహా విత్తన యంత్రంలో అదనపు గింజలను ఆపే మీట వెనుక స్ప్రింగు ఉంటుంది. వదులైతే గుంటలో రెండేసి గింజలు పడతాయి, బిగువైతే వేరుశనగ వంటి మెత్తని గింజ పొట్టు ఊడి మొలకెత్తదు. మొక్కల సంఖ్య తగ్గినప్పుడు మనం విత్తన నాణ్యతను అనుమానిస్తాము. స్ప్రింగును కూడా ఒకసారి అనుమానించాలి.

ఎదురు వాదనలు

పంపు కారడానికి ఎక్కువ సార్లు కారణం రబ్బరు వాషరు, చిరిగిన డయాఫ్రం లేదా సీటులో చేరిన ఇసుక. ప్రతి దోషమూ స్ప్రింగుదే అని నేను అనడం లేదు. అయితే వాషరు మార్చడం మెకానిక్‌కు తెలుసు, ఇసుక కడగడం రైతుకు తెలుసు. స్ప్రింగు కొలత మాత్రం ఎవరికీ తెలియదు, ఎక్కడా రాసి లేదు.

మొత్తం వాల్వునే మార్చితే సరిపోతుంది కదా అన్నది రెండో వాదన. తక్కువ ధరకే దొరుకుతుంది, నిజమే. కానీ ఆ కొత్త వాల్వులోని స్ప్రింగు ఏ లోహం, ఎంత పీడనానికి తెరుచుకుంటుంది అన్నది దాని మీద ఉండదు. తెలియని స్ప్రింగును తీసి మరో తెలియని స్ప్రింగును పెట్టడం మరమ్మతు కాదు. పురుగు ఉధృతి ఉన్న వారంలో, ఖమ్మం దాకా పోయి సరైన భాగం వెదికే తీరిక రైతుకు ఉండదు. అందుకే ఆ సమాచారం ఊళ్లోనే ఉండాలి.

నా ప్రతిపాదనలు

మొదటిది, మన పిచికారీ ప్రదర్శనల్లో ప్రవాహం కొలిచే పరీక్షతో పాటు చుక్క పరీక్షను చేర్చాలి. పంపును పూర్తి పీడనానికి తెచ్చి, శుభ్రమైన నీటితో కొట్టి, ట్రిగ్గర్ వదలాలి. ఐదు సెకన్ల తరువాత నాజిల్ నుండి చుక్క రాలితే ఆ పంపుతో కలుపు మందు కొట్టరాదు. దీనికి పరికరం అక్కర లేదు, ఖర్చు లేదు. యూరోపియన్ యూనియన్ 2009లోనే వాడుకలో ఉన్న పిచికారీ యంత్రాలకు నియమిత తనిఖీని విధించింది. చేతి పంపులను మినహాయించే వీలు అక్కడి దేశాలకు ఉంది. మన సేద్యం చేతి పంపు మీదే నడుస్తుంది కనుక మనకు ఆ మినహాయింపు పనికిరాదు.

రెండోది, రాయితీపై సరఫరా చేసే పంపుల కొనుగోలు నిబంధనల్లో ప్రతి వాల్వు స్ప్రింగుకు తీగ మందం, బయటి వ్యాసం, స్వేచ్ఛా పొడవు, మొత్తం చుట్లు, లోహం, అమర్చిన ఎత్తు వద్ద బలం అన్న ఆరు వివరాలు తెలుగులో ముద్రించిన చీటీని, రెండు అదనపు స్ప్రింగులను తప్పనిసరి చేయాలి.

మూడోది, వ్యవసాయ యంత్రాల ప్రయోగ తరగతిలో ఒక స్ప్రింగును కొలిచే అభ్యాసం ఉండాలి. మైక్రోమీటరు, వెర్నియర్ కాలిపర్స్, డిజిటల్ త్రాసు చాలు. అశ్వారావుపేట వ్యవసాయ కళాశాల విద్యార్థులు గ్రామీణ అనుభవ కార్యక్రమంలో పల్లెల్లో ఉండే కాలంలో, తామున్న ఊరి పంపులకు చుక్క పరీక్ష చేసి ఫలితాలను నమోదు చేస్తే, ఏ పంటకాలానికి ఎన్ని పంపులు కారుతున్నాయో మనకు మొదటిసారి తెలుస్తుంది. ఆ అంకె లేకుండా దీన్ని చిన్న సమస్య అనడానికీ, పెద్ద సమస్య అనడానికీ మనకు అర్హత లేదు.

నాలుగోది, వైరా కృషి విజ్ఞాన కేంద్రం వంటి చోట్ల మరమ్మతు చేసే వారిని పిలిచి, వారి నుండి ముందు మనం నేర్చుకోవాలి. ఏ భాగం ఏ నెలలో ఎక్కువగా పోతుందో వారికి తెలిసినంతగా మనకు తెలియదు. వారి అనుభవానికి మనం ఒక త్రాసును, ఒక కొలతల పట్టికను జోడించగలము.

ఆ పత్తి చేనుకు పంట చివర మళ్లీ వెళ్లాను. చాలు చివర్లలో చచ్చిన మొక్కల ఖాళీలు అలాగే ఉన్నాయి. రైతు పంపును తెచ్చి, నీళ్లు కొట్టి, ట్రిగ్గర్ వదిలి, నాజిల్‌ను నా ముందు పట్టుకున్నాడు. సరైన స్ప్రింగు పడ్డాక చుక్క పడలేదు. "ఇది ముందే చెబితే బాగుండేది సార్" అన్నాడు. అతని మాట నాకు మాత్రమే కాదు, మనందరికీ వర్తిస్తుంది.